గేరుబాక్సు విప్పిన చలికాలం

జూలై 2

వ్యాన్ తీసుకుపోవడానికి ఈ పొద్దున లారీ వచ్చింది. నేను వంటింట్లో అమ్మకి గుడ్డు ఉడకబెడుతున్నాను. గేటు దగ్గర గొలుసుల చప్పుడైతే కిటికీలోంచి చూశాను. పొడుగాటి మనిషి, నెరిసిన గిరజాల జుట్టు, నా వ్యాన్ ముందు వంగి కొక్కెం తగిలిస్తున్నాడు.

"ఎవరండీ మీరు?" అన్నాను బయటికొచ్చి.

"తుక్కు యార్డు నుంచండీ. గ్రాహంగారు దీన్ని మాకు అమ్మేశారు. మీకు చెప్పలేదా?"

మా ఆయన గ్రాహం నాకు చెప్పనివి చాలానే ఉన్నాయి. బౌలింగ్ క్లబ్బులో క్యాషియర్ సంగతి కూడా చెప్పలేదు, ఆవిడతో క్వీన్స్‌లాండ్ చేరి అక్కణ్ణుంచి ఫోన్ చేసేదాకా. అప్పుడు కూడా ముందు అక్కడి ఎండల గురించే చెప్పాడు.

వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చుని తలుపేసుకున్నాను. మా కుక్క బిస్కట్ కూడా నాతోపాటే ఎక్కి పక్కసీట్లో కూర్చుంది. కుక్కకి విషయం తెలియకపోయినా పక్షం తెలుస్తుంది.

ఈ వ్యాన్ వెనకంతా తొట్టి, నీళ్ళ పంపు, బొచ్చు ఆరబెట్టే మిషను. పక్కన 'రేలీన్ కుక్కల స్నానశాల' అని నేనే రాసుకున్నాను, చివరి అక్షరానికి చోటు చాలక కొంచెం కిందికి జారింది. ఈ నది ఒడ్డు ఊళ్ళలో, బార్మెరా నుంచి లాక్స్‌టన్ దాకా, నా చేతిలో తడవని కుక్క లేదు. కాగితాలు తన పేరున ఉన్నాయని అలాంటి బండిని తుక్కులో వేస్తాడట.

ఆ మనిషి కిటికీ దగ్గరకొచ్చాడు. "దిగుతారా?"

"దిగను."

"మధ్యాహ్నం దాకా కూర్చుంటారా?"

"సాయంత్రం దాకా అయినా కూర్చుంటాను."

కాసేపు మెడ గోక్కున్నాడు. వెళ్ళి లారీ ఇంజను ఆపేసి వచ్చాడు. "ఇంతకీ దీనికేమైంది?"

"గేరుబాక్సు పోయింది. ఇంజను లక్షణంగా ఉంది. ఎంత తొక్కినా మూలుగుతుందే కానీ ముందుకి పోదు."

"ఆటోమేటిక్కేనా?"

"ఔను."

"ఇవే వ్యాన్‌లు నా దగ్గర ఇంకో రెండు మూడు పడి ఉన్నాయండీ. ఒకదాని గేరుబాక్సు ఒక సగం బాగుంటుంది, ఇంకోదాంట్లో ఇంకో సగం." కొక్కెం విప్పేసి వెళ్ళిపోయాడు.

గుడ్డు రాయయిపోయింది. అమ్మ తినలేదు.

జూలై 3

ఆ మనిషి పేరు లెఫ్టెరిస్ అట. గ్రీకువాడట. భార్య పోయి చాలాకాలమైందట. నేనేం అడగలేదు, అమ్మే ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని పొయ్యి దగ్గర నిలబడి నాకు వినిపించేలా గోడతో చెప్పింది.

జూలై 8

ఊళ్ళో గ్యారేజీకి వెళ్ళాను. కొత్త గేరుబాక్సు ధర చెప్పారు. మర్యాదకి ఆలోచించినట్టు కాసేపు నిలబడి వచ్చేశాను. అక్టోబరులో లాక్స్‌టన్ ప్రదర్శన. కుక్కల పోటీలు. ఆ ముందు వారం కడిగే కుక్కల మీదే నాకు వేసవి దాకా గడుస్తుంది. ఈసారి వ్యాన్ లేకపోతే అవి వేరే చోటికి పోతాయి. పోయిన కుక్కలు తిరిగి రావు, మొగుళ్ళలా కాదు.

పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

జూలై 10

యార్డుకి వెళ్ళాను. కేవలం చూద్దామని.

"గ్రాహంగారు ఫోన్ చేశారండీ. బండి తేలేదేమని," అన్నాడు లెఫ్టెరిస్.

"మీరేం చెప్పారు?"

"వెళ్ళాను, బండి కదలనందని చెప్పాను. అబద్ధం కాదుగా. బేరం వద్దని, నా డబ్బు నాకు వెనక్కి పంపమన్నాను."

చిన్న ఇత్తడి గిన్నెలో కాఫీ కాచి ఇచ్చాడు. తారులా ఉంది. బాగుందన్నాను. గేరుబాక్సు నేనే ఇంట్లో విప్పి కడతానన్నాను. అతను నవ్వలేదు. వర్క్‌షాప్ పుస్తకం ఒకటి, అరువుగా ఒక జాకీ ఇచ్చి, "విప్పేటప్పుడు ఏది ఏ వరసలో వచ్చిందో ఆ వరసలోనే పరుచుకోండి. మిగతాదంతా ఓపికే," అన్నాడు.

కాసిని కమలాలు కూడా ఇచ్చాడు.

జూలై 21

గేరుబాక్సు దించాను. అది బరువని తెలుసు కానీ ఇంత బరువని తెలీదు. జాకీ మీంచి జారితే పగలకుండా కింద పరుపు వేశాను, గ్రాహం పడుకునే వైపు పరుపు. జారింది. సరిగ్గా అతను పడుకునే గుంటలోనే పడింది. దాని మూల ఒక్కటి కూడా చెదరలేదు. ఆ పరుపు ఇన్నేళ్ళకి పనికొచ్చింది.

జూలై 24

షెడ్డులో జూలై చలి భరించలేక మొత్తం వంటింటి బల్ల మీదికి తెచ్చాను. దుప్పటి పరిచి, విప్పినవి విప్పినట్టు వరసగా పెట్టాను. పళ్ళచక్రాలు, స్ప్రింగులు, రింగులు, క్లచ్ పలకలు. పలకలు మాడిపోయి నల్లగా ఉన్నాయి. పెనం మీద మర్చిపోయిన రొట్టెల వాసన.

"మరి మనం అన్నం ఎక్కడ తినాలే?" అంది అమ్మ.

ఇస్త్రీ బల్ల మీద తిన్నాం. నిలబడి తిన్న అమ్మకి ఎత్తు సరిపోయింది. కూర్చున్న నాకే గడ్డం దాకా వచ్చింది.

జూలై 29

యార్డు. అక్కడి ఒక గేరుబాక్సులో మంచి పలకలు దొరికాయి. కాఫీ. కమలాలు.

ఆగస్టు 1

యార్డు. ఒక రింగు కావాల్సి వచ్చింది.

ఆగస్టు 3

యార్డు. మొన్నటి రింగు సరిపోయిందని చెప్పడానికి. ఫోన్ చేయొచ్చు కానీ దారిలోనే కదా. (దారిలో కాదు.)

అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "మన చెట్టుకి కాసినవి రాలి కుళ్ళిపోతుంటే, ఊళ్ళోవాళ్ళ కమలాలు సంచుల్తో మోసుకొస్తావేమే?"

"ఇస్తుంటే వద్దంటే బాగోదు కదమ్మా."

"ఆ నీలం స్వెటర్ తుక్కు యార్డుకి వేసుకెళ్తారా ఎవరైనా?"

మిగతావన్నీ ఉతుకులో ఉన్నాయి. అదే చెప్పాను. ఉతుకులో ఏం లేవని అమ్మకి తెలుసు. ఉతికేది తనే.

ఆగస్టు 10

క్లచ్ పలకల్ని బిగించేముందు ఎర్ర ఆయిల్లో నానబెట్టాలి. నానబెట్టడానికి సరిపడా వెడల్పున్న గిన్నె ఇంట్లో ఒక్కటే, అమ్మ ఆదివారం మాంసం వేయించే ట్రే. మూతపెట్టి పక్కన పెట్టాను. చెప్పడం మర్చిపోయాను.

మధ్యాహ్నం అమ్మ మూత తీసి చూసి, "బీట్రూట్ ఎందుకే ఇంత గట్టిగా ఉంది?" అని ఫోర్కుతో పొడిచింది.

ఒక పలక గీరుకుపోయింది. కాబట్టి రేపు యార్డుకి వెళ్ళాలి. అమ్మ మీద కోపం రావలసినంత రాలేదు.

ఆగస్టు 17

ఈ గేరుబాక్సు బుర్ర ఎక్కడుందో ఇవాళ తెలిసింది. అడుగున ఒక పలకలాంటి దిమ్మె, దాన్నిండా చీమల పుట్టలా దారులు. ఆయిలు ఏ దారిన పోతే ఆ గేరు పడుతుంది. ఆ దారుల్లో అక్కడక్కడ బఠాణీ గింజంత ఉక్కు గుండ్లు ఉండాలి. తలకిందులు చేస్తే రాలిపోతాయి కాబట్టి వాజిలిన్‌తో అంటించాలట. అమ్మ మోకాళ్ళకి రాసుకునే వాజిలిన్ డబ్బా మొత్తం అయిపోయింది.

ఒక గుండు లేదు.

బల్ల కింద, పొయ్యి వెనక, అమ్మ చెప్పుల్లో వెతికాను. చెత్త పీల్చే మిషను సంచీ పేపరు మీద గుమ్మరించాను. అమ్మ పోగొట్టుకున్న చెవికమ్మ దొరికింది. గుండు దొరకలేదు.

"ఒక్క గుండు లేకపోతే ఏమవుతుందిలే," అంది అమ్మ, కమ్మ పెట్టుకుంటూ.

"రెండో గేరు పడదమ్మా."

"నాకు మొదటి గేరు చాలు. నిదానంగా పోదాం."

ఆగస్టు 18

బిస్కట్ ఒంటినిండా వాజిలిన్ అంటుకుని దుమ్ము పట్టేసింది. పెరట్లో పాత టబ్బులో పెట్టి స్నానం చేయించాను. రుద్దుతుంటే టంగుమని చప్పుడైంది. గుండు. రాత్రంతా నా మంచం పక్కనే, దాని పొట్ట కింద బొచ్చులో ఉంది.

యార్డుకి వెళ్ళి చెప్పాను. లెఫ్టెరిస్ నవ్వడం మొదటిసారి చూశాను. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది అతనికి. ఇలాంటివి నేను చెప్తే గ్రాహం ఎప్పుడూ, "ఇంతకీ విషయమేంటి?" అనేవాడు.

ఆగస్టు 30

క్లచ్‌లు, పళ్ళచక్రాలు అన్నీ పెట్టెలో కూర్చున్నాయి. దిమ్మె కూడా బిగించాను. దుప్పటి మీద ఏమీ మిగల్లేదు. నమ్మలేక దుప్పటి దులిపి చూశాను.

సెప్టెంబరు 7

గ్రాహం వచ్చాడు.

సెప్టెంబరు 8

గేలపు కర్రలు తీసుకుపోవడానికి వచ్చానన్నాడు. చేతిలో పెట్టెలు రెండున్నాయి. క్యాషియర్ కొడుకు వచ్చి ఆమెతోనే ఉంటున్నాడట, ఇల్లు ఇరుకైందట. నడుస్తూ నడుస్తూ వంటింట్లోకి వచ్చి బల్ల మీద గేరుబాక్సు చూసి ఆగిపోయాడు.

"ఇదేంటి రే?" అన్నాడు. రేలీన్‌ని కుదించి అతను నన్ను పిలిచే పేరది.

"గేరుబాక్సు."

"అది తెలుస్తోంది. ఎవరు కట్టారు?"

"నేను."

"కాదు, నిజంగా ఎవరు?"

సోఫా మీద పడుకోమన్నాను. కొన్నాళ్ళే. పరుపు అడిగాడు. షెడ్డులో ఉంది, ఆయిలు మరకలున్నాయని చెప్పాను.

సెప్టెంబరు 10

గ్రాహం ఉన్నాడు. మేకమాంసం ముక్కలు వేయించాను. అతనికిష్టం.

సెప్టెంబరు 12

గ్రాహం ఉన్నాడు. యార్డుకి వెళ్ళలేదు. కావాల్సినవేం లేవు.

సెప్టెంబరు 14

"జరిగిందేదో జరిగింది. మళ్ళీ మామూలుగా ఉందాం రే," అన్నాడు టీ తాగుతూ. ఆలోచిస్తానన్నాను. అతను బయటికెళ్ళాక అమ్మ అడిగింది, "ఏమన్నావు?" అని. ఆలోచించనని అన్నానని చెప్పాను. ఇద్దరికీ రెండు రకాలుగా ఎందుకు చెప్పానో తెలీదు. ముప్ఫై ఏళ్ళ కాపురం. అతని దగ్గు ఏ గదిలోంచి వస్తోందో తెలుసు, ఏ సాక్స్‌కి ఎక్కడ చిల్లుందో తెలుసు. అది తక్కువేం కాదు. ఇంట్లో మగమనిషి దగ్గు వినిపిస్తే నిద్ర పడుతుందని అనుకున్నాను. పట్టలేదు.

సెప్టెంబరు 20

ఇవాళ జరిగింది పూర్తిగా రాయాలి.

గేరుబాక్సు వ్యాన్‌కి ఎక్కించడానికి గ్రాహం సాయానికొచ్చాడు. సాయమంటే అతను చెప్పడం, నేను కింద పడుకుని ఎత్తడం. గేరుబాక్సు ముందు భాగంలో పెద్ద గుండ్రటి ఇనప డబ్బా ఒకటి కూర్చోబెట్టాలి, ఇంజను తిప్పేది దాన్నే. తిప్పుతూ లోపలికి తోస్తుంటే అది టక్, టక్, టక్‌మని మూడు మెట్లు దిగాలి. మూడో టక్ వినపడకుండా బోల్టులు బిగిస్తే లోపల ఆయిలు పంపు పగిలిపోతుందని లెఫ్టెరిస్ నాకు మరీ మరీ చెప్పాడు. నేను రెండే విన్నాను.

"ఆగు గ్రాహం. అది పూర్తిగా దిగలేదు."

"దిగింది. నేను చూశాను."

"చూసేది కాదు, వినేది. మూడోది రాలేదు."

"బోల్టులు బిగిస్తే అదే లోపలికి పోతుంది రే. ఎక్కడైనా బిగిస్తేనే కదా కూర్చునేది." అంటూ స్పానర్ తీసుకున్నాడు.

నేను వ్యాన్ కిందినుంచి బయటికొచ్చాను. వీపంతా ఆయిలు. అతని చేతిలోంచి స్పానర్ తీసేసుకున్నాను. లాక్కోలేదు, తీసుకున్నాను. గేరుబాక్సు మళ్ళీ కిందికి దించుతున్నానన్నాను.

"నువ్వెప్పుడూ ఇంతే. అంతా బాగానే ఉన్నా, ఏదో సరిగా కూర్చోలేదని పీకుతావు. నేనెందుకు వెళ్ళిపోయాననుకున్నావు మరి?"

నేను చాలా నెలలుగా అతన్ని అడగాలనుకుంటున్న ప్రశ్న అది. జవాబు అతనే ఇచ్చాడు, ఎదురుగా సాక్ష్యం జాకీ మీద ఊగుతుండగా. కోపం వస్తుందనుకున్నాను. తేలికైంది.

"గేలపు కర్రలు షెడ్డులో తలుపు వెనకున్నాయి, గ్రాహం," అన్నాను.

అర్థమవడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. సాయంత్రానికి పెట్టెలు సర్దుకున్నాడు. అమ్మ గుమ్మం దాకా వచ్చి సంచినిండా కమలాలు చేతిలో పెట్టింది. "దారిలో తిను బాబూ. దారి చాలా ఉంది కదా, త్వరగా బయల్దేరు."

చీకటి పడకముందే డబ్బాని తిప్పి తిప్పి తోశాను. టక్. టక్. తర్వాత ఎంతసేపటికీ ఏం లేదు. ఆ తర్వాత టక్. నేలమీద అలాగే కూర్చుని ఏడ్చాను. ఎందుకంటే ఏం చెప్పను. మూడోది వినపడింది, అంతే.

సెప్టెంబరు 24

యార్డుకి వెళ్ళాను. నిజంగానే ఆయిలు కారకుండా పెట్టే ప్యాకింగ్ కావాలి. లెఫ్టెరిస్ వెతికి తెచ్చిచ్చాడు.

"గ్రాహంగారు వచ్చారని విన్నాను. బాగున్నారా?"

"బాగానే ఉన్నాడు," అన్నాను. బాగానే ఉండి ఉంటాడు, ఎక్కడున్నా.

"మంచిదండీ."

కాఫీ ఇవ్వలేదు. కమలాలూ లేవు. పనుల్లో ఉన్నాడేమో. పనేం కనపడలేదు, కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

గ్రాహం వెళ్ళిపోయాడని చెప్పడానికి గేటు దాకా వచ్చి మళ్ళీ వెనక్కి తిరగాలనుకున్నాను. తిరిగి ఏమని మొదలుపెట్టను?

సెప్టెంబరు 28

పక్కింటివాళ్ళు ఒక చెయ్యి వేస్తే గేరుబాక్సు పైకెక్కింది. బోల్టులన్నీ వేళ్ళతోనే తిరిగాయి, బలవంతం లేకుండా. ఆయిలు పోశాను. రేపు చూడాలి.

సెప్టెంబరు 29

ఇంజను ఒక్కసారికే పట్టుకుంది. గేరు కర్ర న్యూట్రల్‌లో పెట్టాను. న్యూట్రల్ అంటే బండి కదలకూడదు. కదిలింది. వెనక్కి. బ్రేకు తొక్కేలోపు పెరటి మధ్యలో గొడుగులా తిరిగే బట్టల దండేన్ని గుద్దాను. దండెం వ్యాన్ మీదికి ఒరిగిపోయింది. అమ్మ లోపలి లంగాలన్నీ వెనక అద్దం మీద పరుచుకుపోయాయి. నాకేం కనిపించలేదు, అమ్మ గొంతు మాత్రం వినిపించింది.

కిందికి దిగి వ్యాన్ కింద దూరాను. కాసేపు చూస్తే తెలిసింది. గేరు కర్ర నుంచి వచ్చే తీగ ఒక గుర్తు పక్కకి బిగించాను. పైన న్యూట్రల్ అంటే కింద రివర్స్ అయి కూర్చుంది. లోపల ఏం తప్పు లేదు. నేను కట్టిన గేరుబాక్సులో ఏం తప్పు లేదు.

ఈలోపు అమ్మ ఇంట్లోంచి ఫోన్‌లో మాట్లాడటం వినిపించింది. చెవి సరిగా వినపడదు కాబట్టి పెరడంతా వినపడేలా మాట్లాడుతుంది. "నాయనా, నేను రేలీన్ వాళ్ళమ్మని, నా పేరు ఊనా. మా అమ్మాయి బట్టల దండెం గుద్దేసింది. లేదు, దెబ్బలేం తగల్లేదు, నా లంగాలకి తప్ప. గ్రాహమా? వాడెప్పుడో వెళ్ళిపోయాడు. దీన్ని అడిగితే చెప్పదు. సరే, వచ్చెయ్యి."

వ్యాన్ కిందనే ఉండిపోయాను. బయటికి రావడానికి మొహం చెల్లలేదు.

కాసేపటికి రెండు బూట్లు కనిపించాయి. తర్వాత లెఫ్టెరిస్ కూడా నేలమీద పక్కకి పడుకుని లోపలికి చూశాడు. చేతిలో టార్చి.

"ఎక్కడుంది తేడా?"

"ఈ తీగలో. నేను కనుక్కున్నాను."

"అయితే నేను టార్చి పడతాను, మీరు బిగించండి."

బిగించాను. అతను ఒక్క మాట కూడా చెప్పలేదు, టార్చి మాత్రం నా చెయ్యి ఎటు కదిలితే అటు కదిలింది. తర్వాత ఇద్దరం కలిసి దండేన్ని నిలబెట్టాం. పూర్తిగా నిలబడలేదు. అమ్మ అతనికి గట్టి గుడ్డు పెట్టింది. తిన్నాడు.

వ్యాన్ సరస్సు దాకా వెళ్ళొచ్చింది. గేర్లన్నీ పడ్డాయి. వెన్నలో కత్తిలా మారాయి.

అక్టోబరు 6

ప్రదర్శన. ఈ వారమంతా కుక్కలు, కుక్కలు, కుక్కలు. మొదటి బహుమతి వచ్చిన పూడిల్‌ని నేనే కడిగాను. నా చెవి కొరికింది కూడా అదే. నడుం విరిగింది. ఎంత బాగుందో.

అక్టోబరు 9

వ్యాన్ చక్కగా నడుస్తోంది.

అక్టోబరు 11

వ్యాన్ చక్కగా నడుస్తోంది. చప్పుడేమైనా వస్తుందేమోనని నది దాకా వెళ్ళి అద్దాలు దించి విన్నాను. ఏం లేదు.

అక్టోబరు 12

బల్ల మీద అన్నం తింటున్నాం. చాలా పెద్ద బల్ల. "ఇస్త్రీ బల్లే బాగుండేది," అంది అమ్మ.

అక్టోబరు 13

ఇంకా ఏ చప్పుడూ లేదు. ఇంత బాగా కట్టకుండా ఉండాల్సింది.

అక్టోబరు 15

సాయంత్రం బిస్కట్ మొరిగింది. గుమ్మంలో లెఫ్టెరిస్. ఇస్త్రీ చేసిన చొక్కా, దువ్విన జుట్టు. తుక్కు లేకుండా అతన్ని చూడటం ఇదే మొదలు. చేతిలో న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం.

"ఇది మీ గేరుబాక్సుదనుకుంటానండీ. యార్డులో కింద దొరికింది. పెట్టడం మర్చిపోయినట్టున్నారు."

పొట్లం విప్పాను. అరచేతి వెడల్పున్న ఇనప రింగు. ఆ గేరుబాక్సులో ఉన్న ప్రతి ముక్కా నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఇది దానిది కాదు. ఏ వ్యాన్‌దీ కాదు. ఇక్కడి తోటల్లో ద్రాక్ష కోసే మిషను చక్రంది. నాకు తెలిస్తే అతనికి తెలియదా. పైగా దాన్ని తుడిచి, మెరిసేలా రుద్ది తెచ్చాడు.

నా మొహంలోకి చూడకుండా బిస్కట్ తల నిమురుతూ నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. లోపల అమ్మ రేడియో కట్టేసింది.

"ఔనండీ," అన్నాను. "దీనికోసమే వెతుకుతున్నాను."

"అయితే మొత్తం మళ్ళీ విప్పాల్సి వస్తుందేమో."

"విప్పాలి."

"చాలా రోజులు పడుతుంది."

"పట్టనివ్వండి," అని తలుపు బార్లా తీశాను. "లోపలికి రండి. కాఫీ పెడతాను. మీ అంత చిక్కగా పెట్టడం రాదు, పక్కనుండి చెప్పండి."